సముద్రం అడుగు నుంచి శని చందమామ దాకా

1977 ఫిబ్రవరిలో గాలపాగోస్ దీవుల దగ్గర పసిఫిక్‌లోకి వెళ్లిన అమెరికా పరిశోధక బృందంలో జీవశాస్త్రవేత్త ఒక్కరు కూడా లేరు. అవసరం పడుతుందని ఎవరూ అనుకోలేదు. వాళ్లు వెతుకుతున్నది వేడినీటి ఊటలను. సముద్రం అడుగున నేల చీలి కొత్త లావా పైకొచ్చే చోట అలాంటి ఊటలు ఉండి తీరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. కళ్లారా చూసినవాళ్లు మాత్రం అప్పటికి లేరు. కెమెరాలు బిగించిన ఉక్కు చట్రాన్ని రెండున్నర కిలోమీటర్ల లోతున ఈడ్చుకుంటూ పోతుంటే, ఒకచోట నీటి వేడి చటుక్కున పెరిగి, మూడు నిమిషాలు తిరక్కుండానే మళ్లీ పడిపోయింది. ఫిల్ము కడిగి చూశారు. వేలకొద్దీ ఫొటోల్లో నల్లటి లావా రాయే. ఆ కాసేపట్లో తీసిన 13 ఫొటోల్లో మాత్రం తెల్లటి ఆల్చిప్పలు వందలకొద్దీ పరుచుకుని ఉన్నాయి.

ఫిబ్రవరి 17న ‘ఆల్విన్’ అనే ముగ్గురు పట్టే జలాంతర్గామిలో భూగర్భ శాస్త్రజ్ఞుడు జాక్ కార్లిస్ బృందం అక్కడికి దిగింది. ఎండాకాలం తారురోడ్డు మీద గాలి ఊగినట్టు, రాతి పగుళ్ల మీద నీళ్లు ఊగుతున్నాయి. చుట్టూ అడుగు పొడవున్న ఆల్చిప్పలు, తెల్లటి పీతలు. తెచ్చిన నీటి నమూనాల మూత తీయగానే ఓడలోని ప్రయోగశాల అంతా కుళ్లిన కోడిగుడ్ల కంపు. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన. పట్టుకొచ్చిన ప్రాణులను నిల్వ చేయడానికి తగినంత ఫార్మాలిన్ కూడా లేకపోవడంతో, కొన్నింటిని పనామాలో కొన్న రష్యన్ వోడ్కాలో వేసి ఒడ్డుకు చేర్చారు.

అంతవరకూ బడి పుస్తకం చెప్పింది ఒకటే. ఎండ తగిలిన ఆకు ఆహారం తయారుచేస్తుంది, తక్కినవాళ్లంతా ఏదో రకంగా ఆ ఆకు మీద బతుకుతారు. సముద్రం అడుగున ఉండేవాటికి కూడా పైనుంచి రాలే ఎంగిలే దిక్కు. మరి ఆ చీకట్లో ఇంత గుంపు ఏం తిని బతుకుతోంది?

జవాబు ఒక పురుగులో దొరికింది. రిఫ్టియా అనే ఈ గొట్టపు పురుగు ఆ ఊటల దగ్గరే ఉంటుంది. మనిషి కంటే పొడవు పెరుగుతుంది. తెల్లటి గొట్టం, కొసన రక్తం నిండిన ఎర్రటి కుచ్చు. నోరు లేదు, పేగు లేదు. 1980లో హార్వర్డ్‌లో మెరెడిత్ జోన్స్ అనే నిపుణుడు దీని గురించి ఉపన్యసిస్తూ, పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలు కనిపించాయని చెప్పగానే, వింటున్న విద్యార్థిని కొలీన్ కావనా లేచి నిలబడింది. పురుగు లోపల గంధకాన్ని వాడుకునే బ్యాక్టీరియా కాపురం ఉండి ఉండాలని, అవే దీనికి తిండి పెడుతున్నాయని ఆమె వాదన. మరుసటి ఏడాది ఆధారాలతో సహా ప్రచురించింది. పురుగు రక్తం సల్ఫైడ్‌ను, ఆక్సిజన్‌ను రెండింటినీ మోసుకెళ్లి బ్యాక్టీరియాకు అందిస్తుంది. బ్యాక్టీరియా ఆ రసాయనాల నుంచి శక్తి తీసి ఆహారం వండుతుంది. ఆకు ఎండతో చేసే పనిని ఇవి గంధకంతో చేస్తున్నాయన్నమాట.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలా వ్యాసాలు దీన్ని దాటేస్తాయి. ఆ పురుగు వాడుకునే ఆక్సిజన్ ఎక్కడిది? పైన ఎండలో మొక్కలూ నాచూ విడిచినదే. కాబట్టి రిఫ్టియాకు సూర్యుడితో సంబంధం పూర్తిగా తెగిపోలేదు. ఆ సంబంధం కూడా అక్కర్లేని ఇంకా చిన్న జీవులు అవే ఊటల్లో ఉన్నాయి. హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి మీథేన్ చేసి, ఆ శక్తితో బతికే సూక్ష్మజీవులవి. వాటికి కావలసింది రాయి, నీరు. 2000 డిసెంబరులో అట్లాంటిక్‌లో ‘లాస్ట్ సిటీ’ అనే ఊటల గుంపు దొరికింది. అరవై మీటర్ల ఎత్తు దాకా తెల్లటి సున్నపు గోపురాలు. అక్కడ లావా మంట కూడా లేదు. ఒక రకం రాయికి నీళ్లు తగిలితే జరిగే రసాయన చర్యే వేడినీ, హైడ్రోజన్‌నూ పుట్టిస్తుంది.

రోదసి శాస్త్రజ్ఞులు చెవులు రిక్కించింది ఈ మాటకే. జీవం కోసం వెతకాలంటే సూర్యుడికి మరీ దగ్గరా, మరీ దూరమూ కాని గ్రహాన్నే చూడాలన్నది పాత లెక్క. 1979లో వాయేజర్ నౌకలు గురుగ్రహపు చంద్రుడు యూరోపా మీద మంచు పెంకునూ, దాని మీది పగుళ్లనూ చూపించాయి. గురుగ్రహం ఆకర్షణ యూరోపాను పిసుకుతూ ఉండటం వల్ల లోపల వేడి పుడుతుంది. ఆ వేడితో మంచు కింద సముద్రం ఉందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. భూమి మీది సముద్రాలన్నీ కలిపినదానికి రెట్టింపు నీరు అందులో ఉండవచ్చు. లోతు వంద కిలోమీటర్ల లెక్కలో ఉన్నా, అక్కడి గురుత్వం మన దానిలో ఏడో వంతు కూడా లేదు. అందువల్ల అడుగున పీడనం మన మరియానా అగాధంలోని పీడనానికి మరీ దూరం కాదు. మన సముద్రంలో ఆ లోతుల్లోనూ జీవం ఉంది.

శని చంద్రుడు ఎన్సెలడస్ మరీ చిన్నది, అడ్డకొలత ఐదు వందల కిలోమీటర్లు. 2005లో కసీని నౌక దాని దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్లలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు చిమ్మడం చూసింది. అంటే అక్కడ తవ్వనక్కర్లేదు, సముద్రమే తన నమూనాను బయటికి విసురుతోంది. 2015 అక్టోబరు 28న కసీని ఉపరితలానికి 49 కిలోమీటర్ల ఎత్తున ఆ చిమ్మెన గుండా దూసుకుపోయింది. అందులో హైడ్రోజన్ ఉందని 2017లో ప్రకటించారు. మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నట్టు అప్పటికే తెలుసు. లాస్ట్ సిటీ గురించి చదివినవాళ్లకు ఆ జాబితా చూడగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడ జీవం ఉందని కాదు. ఉంటే దానికి తిండి ఉందని. 2023లో అదే నౌక సమాచారం నుంచి ఫాస్ఫేట్ల జాడ కూడా బయటపడింది.

2024 అక్టోబరులో బయల్దేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030లో గురుగ్రహం చేరి, యూరోపా పక్కనుంచి 49 సార్లు వెళ్లి వస్తుంది.

ఈ ప్రయాణాల్లో నాసా పాటించిన జాగ్రత్త ఒకటి గుర్తుంచుకోదగింది. ఇంధనం అయిపోవచ్చిన గెలీలియో నౌకను 2003లో గురుగ్రహంలోకి, కసీనిని 2017లో శనిగ్రహంలోకి కావాలనే పంపి బూడిద చేశారు. వాటి మీద భూమి నుంచి అంటుకొచ్చిన సూక్ష్మజీవి ఏదైనా ఉంటే, అది ఆ చంద్రుల మీద పడకూడదని. ఉందో లేదో తెలియని ప్రాణికి ఇచ్చిన గౌరవం అది.

ఉన్నదని తెలిసిన ప్రాణి సంగతి చూద్దాం. హిందూ మహాసముద్రపు ఊటల దగ్గర కొన్ని చోట్ల మాత్రమే ఒక నత్త ఉంది. దాని పాదం మీద వరసగా పొలుసులుంటాయి, వాటి మీద ఇనుప సల్ఫైడ్ పూత. ఇనుమును కవచంగా తొడుక్కున్న జంతువు మనకు తెలిసి మరొకటి లేదు. దీనికీ ఒంట్లోని బ్యాక్టీరియానే అన్నదాత. ఆ ఊటల చుట్టూ రాగి, జింకు, బంగారం కూడా పేరుకుంటాయి కాబట్టి తవ్వకాల కన్ను వాటి మీద పడింది. 2019లో ఈ నత్త అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ జాబితాకెక్కింది. సముద్రగర్భ తవ్వకాల ముప్పు కారణంగా ఆ జాబితాలో చేరిన మొదటి ప్రాణి ఇదే.

మన దేశానికి ఇది దూరపు వార్త కాదు. హిందూ మహాసముద్రంలో పది వేల చదరపు కిలోమీటర్లలో ఇలాంటి ఖనిజాలను అన్వేషించేందుకు భారత్ 2016లో ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు నాలుగున్నర కిలోమీటర్ల లోతున చురుకైన ఊటను ఫొటో తీశారు. ముగ్గురిని ఆరు వేల మీటర్ల దిగువకు తీసుకెళ్లే ‘మత్స్య 6000’ చెన్నైలో తయారవుతోంది. దాని టైటానియం గోళాన్ని అతికే పనిలో ఇస్రో చెయ్యి కూడా ఉంది. ఊట దగ్గరికి మన మనుషులు దిగే రోజు వచ్చినప్పుడు వాళ్ల పెట్టెలో ఖనిజం ముక్కలతో పాటు సూక్ష్మజీవుల నమూనాలూ ఉండాలి. తవ్వకం తప్పదనుకున్నా, చల్లారిపోయిన ఊటల దగ్గరా ఖనిజం ఉంది. చురుకైన ఊటల జోలికి మాత్రం పోవద్దని జీవశాస్త్రవేత్తలు కొన్నేళ్లుగా అడుగుతున్నారు.