నిఘా గుట్టు విప్పిన లైట్‌బీమ్

ఒక వార్తల సైటు తెరుస్తాం. మనకు కనిపించేది ఒక్క పేజీయే. దాని వెనక ప్రకటనలు, లైక్ బటన్లు, కంటికి ఆననంత చిన్న బొమ్మలు వేర్వేరు సర్వర్ల నుంచి వచ్చి చేరుతుంటాయి. వాటిని పంపమని అడిగేది మన బ్రౌజరే. అడుగుతూ, మనం ఏ సైటులో ఉన్నామో కూడా మామూలుగా చెప్పేస్తుంది. ఆ సర్వరు ఇదివరకు ఇచ్చిన కుకీ అనే చిన్న చీటీ ఉంటే, అడ్డుకునే ఏర్పాటు లేనప్పుడు దాన్నీ చూపిస్తుంది. ఆ కుకీలో చాలాసార్లు ఉండేది ఒక గుర్తింపు సంఖ్యే. కానీ ఒకే ప్రకటనల కంపెనీ వందలాది సైట్లలో తిష్ఠ వేసినప్పుడు, మనం రోజంతా తిరిగిన దారి ఆ ఒక్క సంఖ్య కిందికి చేరిపోతుంది. ఊళ్లోని ప్రతి దుకాణంలోనూ ఒకే గుమాస్తా కూర్చుని, మనం ఎక్కడ ఏం బేరమాడామో ఒకే పుస్తకంలో రాసుకుంటున్నట్టే ఇది.

ఈ సంగతి సాంకేతిక నిపుణులకు తెలుసు. మామూలు మనిషికి మాత్రం చెబితే నమ్మడమే తప్ప చూసే వీలు ఉండేది కాదు. 2011లో మొజిల్లా ప్రోగ్రామర్ అతుల్ వర్మ ఆ వీలు కల్పించారు. మొజిల్లా సంస్థ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్ కోసం ఆయన ప్రయోగంగా రాసిన చిన్న యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు అదనంగా జోడించుకునే ప్రోగ్రామ్) పేరు కొల్యూజన్.

అది పనిచేసిన పద్ధతి సులువైనది. బ్రౌజర్ బయటికి పంపే ప్రతి అభ్యర్థననూ గమనించేది. మనం తెరిచిన సైటు చిరునామా ఒకటి, అభ్యర్థన వెళ్లిన చిరునామా మరొకటి అయితే, ఆ రెంటినీ గీతతో కలిపేది. మొదటి సైటు తెరవగానే ఒక చుక్క, దాని చుట్టూ మరికొన్ని చుక్కలు పుట్టేవి. రెండో సైటు తెరిస్తే ఇంకో గుంపు వచ్చేది. ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకున్న ఆ రెండు సైట్ల నుంచీ గీతలు వెళ్లి ఒకే చుక్కను తాకితే, రెంటిలోనూ ఉమ్మడిగా మనల్ని వెంటాడే ట్రాకర్ ఏదో తెలిసిపోయేది.

2012లో అప్పటి మొజిల్లా అధిపతి గ్యారీ కోవాక్స్ టెడ్ ప్రసంగ వేదిక మీద దీన్ని చూపించారు. తాను తెరిచింది నాలుగు సైట్లేననీ, అప్పటికే తనను వెంటాడుతున్నవి దాదాపు 25 అనీ తెరమీద గీతలతో సహా చెప్పారు. 2013 అక్టోబరులో ఆ ప్రయోగమే లైట్‌బీమ్‌గా కొత్త రూపంలో వచ్చింది. కెనడాలోని ఎమిలీ కార్ కళా విశ్వవిద్యాలయం రూపకల్పనలో పాలుపంచుకుంది. మనం వెళ్లిన సైట్లకు వృత్తాలు, పిలవకుండా వచ్చినవాటికి త్రిభుజాలు గుర్తులయ్యాయి. ఏ గంటలో ఎవరు వచ్చారో గడియారం రూపంలోనూ చూసే వీలుండేది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. లైట్‌బీమ్ కూడా మన బ్రౌజింగ్‌ను నమోదు చేసేదే. ట్రాకర్లు పోగుచేసే చిట్టా లాంటిదే అదీ పోగుచేసేది. తేడా అంతా ఆ చిట్టా ఎవరి చేతిలో ఉంటుందన్న దాంట్లో ఉంది. లైట్‌బీమ్ రాసుకున్నది మన కంప్యూటర్‌లోనే ఉండేది. మనంతట మనం పంపుతామంటే తప్ప మొజిల్లాకు కూడా చేరేది కాదు. కావాలనుకుంటే మొత్తం చెరిపేసే వీలుండేది. నిఘాకు వాడే సమాచారమే, మనిషి చేతికి వచ్చేసరికి అతనికి ఎరుకనిచ్చింది.

2019 సెప్టెంబరులో ఫైర్‌ఫాక్స్, తనకు తెలిసిన ట్రాకర్ల కుకీలను అందరికీ తనంతట తానే అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాది అక్టోబరులోనే లైట్‌బీమ్‌కు మొజిల్లా వీడ్కోలు పలికింది. బ్రౌజరే కాపలా కాయడం మంచిదే. అయినా అడ్డుకున్నవాటి లెక్క చూపడం వేరు, ఎవరు ఎవరితో కలిశారో గీత గీసి చూపడం వేరు. ఆ రెండో పని ఇప్పటికీ అవసరమే. కాబట్టి బ్రౌజర్‌లో ఏ యాడ్-ఆన్ పెట్టుకున్నా, ఏ యాప్‌కు అనుమతిచ్చినా ముందు రెండు ప్రశ్నలు అడగాలి: నా చిట్టా ఎక్కడ ఉంటుంది? దాన్ని చూసే హక్కు, చెరిపే హక్కు నాకున్నాయా? వీటికి సూటిగా జవాబివ్వనిదాన్ని దూరం పెట్టడమే క్షేమం.