సముద్రం అడుగున గోదావరి మన్ను

వర్షాకాలంలో భద్రాచలం వంతెన మీద నిలబడి గోదావరిని చూశారా? ఎర్రమన్ను కలిసిన వరద నీరు సుడులు తిరుగుతూ పోతుంటుంది. ఆ మన్నులో కొంత డెల్టాలో పేరుకుంటుంది. మిగిలినది బంగాళాఖాతం అడుగుకు చేరుతుంది. కాని అందులోని మూలకాలన్నీ ఒకే దారిన పోవు.

మొదటి దారి రేణువులది. నాసిక్ ప్రాంతపు నల్లని బసాల్టు రాళ్లలో ఇనుము, టైటానియం ఎక్కువ. రాయి శిథిలమై మట్టిగా మారినా ఇవి నీటిలో దాదాపు కరగవు. రేణువులుగానే కొట్టుకుపోయి, ప్రవాహం నెమ్మదించిన చోట అడుగుకు దిగుతాయి. గోదావరి ఇసుకలో అయస్కాంతం తిప్పి చూడండి. దానికి అంటుకునే నల్లని రేణువులు మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం.

రెండవ దారి ప్రాణులది. కాల్షియం నీటిలో కరిగి, కంటికి కనబడకుండా సముద్రం చేరుతుంది. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవులు దానితో గుల్లలు కట్టుకుంటాయి. అవి చనిపోగానే ఆ గుల్లలు అడుగుకు రాలుతాయి. డయాటములు సిలికాతో ఇదే పని చేస్తాయి.

మూడవ దారి రసాయన చర్యలది. బురదలో కొద్ది లోతుకు పోగానే ఆక్సిజన్ కరువవుతుంది. అక్కడి బాక్టీరియా సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. ప్రయోగశాలలో కిప్ పరికరం నుండి కుళ్లిన గుడ్ల వాసనతో వచ్చే వాయువు ఇదే! ఇది ఇనుముతో కలిసి చివరకు పైరైటు ఏర్పడుతుంది.

ఇలా వేల ఏళ్లుగా పొరమీద పొర పేరుకుంది. 2006లో 'జాయిడెస్ రిజల్యూషన్' అనే నౌక గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, 1,268 మీటర్ల లోతున ఉన్న బురదలోకి గొట్టం దించి, ఆ పొరలను చెదరకుండా పైకి తీసింది. సుమారు ఎనిమిదిన్నర మీటర్ల బురదలో దాదాపు 11 వేల ఏళ్ల చరిత్ర ఉంది. నియోడిమియం అనే మూలకపు ఐసోటోపుల నిష్పత్తి దక్కన్ బసాల్టులో ఒక విధంగా, తూర్పు కనుమల పాత రాళ్లలో మరొక విధంగా ఉంటుంది. దానినిబట్టి ఏ మన్ను ఎక్కడిదో శాస్త్రజ్ఞులు పోల్చుకున్నారు.

2017లో ప్రకటించిన ఫలితం ఆలోచింపజేసేది. గత కొన్ని వేల ఏళ్లలో వానలు తగ్గి, చెట్టూచేమా పలచబడినప్పుడు మన్ను కోత పెరిగింది. తరువాత దక్కన్‌లో సేద్యం విస్తరించడంతో అది మరింత ఎక్కువైంది. అంటే నేలను కాపాడేది దాని మీది పచ్చదనమే.

ఈసారి పెద్ద వాన వెలిసిన తరువాత, పెద్దల తోడుతో అడవి నుండి వచ్చే వాగు నీరు ఒక గాజు గ్లాసులో, చెట్లు కొట్టేసిన వాలు నుండి వచ్చే నీరు మరొక గ్లాసులో పట్టండి. మరునాటికి ఏ గ్లాసు అడుగున ఎక్కువ మన్ను చేరిందో కొలిచి చూడండి. అంగుళం మన్ను తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది; కొట్టుకుపోవడానికి కొద్ది వానలు చాలు.