రొయ్యల చెరువు – రెండు లెక్కలు

"అమ్మా, నీ గాజులు ఒకసారి ఇవ్వవే. తాకట్టు పెట్టి డబ్బు తెస్తాను. ఎకరం చెరువు కౌలుకి తీసుకుంటాను. నాలుగు నెలలు ఓపిక పట్టు. గాజులతో పాటు గొలుసు కూడా చేయించి ఇస్తాను."

అక్కలారా, ఇలాంటి మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? కొడుకు కాకపోతే తమ్ముడో, మరిదో, అల్లుడో అడిగి ఉంటాడు.

కుర్రాడు వ్యాపారం చేస్తాననడం తప్పు కాదు. కష్టపడతాననే వాణ్ణి నిరుత్సాహపరచకూడదు. కానీ వాడు చెప్పే లెక్క చివరిదాకా వినాలి. చాలామంది కుర్రాళ్ళు సగం లెక్కే చెబుతారు. అబద్ధమాడాలని కాదు. వాళ్ళకే ఆ రెండో సగం తెలియదు.

మన డెల్టాలో ఏం జరిగింది?

1990 తర్వాత మన గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులు బాగా పెరిగాయి. అప్పట్లో వేసింది టైగర్ రొయ్య. అది విదేశాలకి వెళ్ళేది. మంచి ధర పలికేది. అందుకే దాన్ని 'డాలర్ల పంట' అన్నారు. భీమవరం, నరసాపురం వైపు, కోనసీమ తీరం వెంట ఎన్నో వరి చేలు చెరువులయ్యాయి. మొదటి పంటలు బాగా వచ్చాయి. "వచ్చే ఏడు దీనికి రెట్టింపు" అనుకున్నారు. అప్పు తెచ్చి ఇంకో చెరువు తవ్వించారు.

1994లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా చెరువులు దెబ్బతిన్నాయి. ఈ తెగులు వస్తే రొయ్య పెంకు మీద తెల్లని మచ్చలు పడతాయి. రొయ్య మేత తినదు. గట్టు పక్కకి చేరుతుంది. వారం పది రోజుల్లో చెరువంతా చచ్చిపోవచ్చు. దీనికి కారణం కంటికి కనపడని క్రిమి. దాన్నే వైరస్ అంటారు. ఈ తెగులు వచ్చాక నయం చేసే మందు ఈ రోజుకీ లేదు.

తెగులు ఎలా పాకుతుంది? ఒకరు చెరువు నీళ్ళు కాలవలోకి వదులుతారు. పక్కవారు ఆ కాలవ నీళ్ళే తోడుకుంటారు. నీళ్ళతో పాటు తెగులూ వస్తుంది. పీతలు కూడా మోసుకొస్తాయి. అంటే మన జాగ్రత్త ఒక్కటే చాలదు. పక్క చెరువు వాళ్ళూ జాగ్రత్తగా ఉండాలి.

మనకంటే ముందే, 1988లో, తైవాన్‌లో కూడా టైగర్ రొయ్యల సాగు కుప్పకూలింది. అక్కడా రొయ్యల్ని ఒత్తుగా పెంచారు. నీరు చెడింది. తెగుళ్ళు వచ్చాయి.

2009లో ప్రభుత్వం వెనామీ అనే మరో రకం రొయ్యకి అనుమతి ఇచ్చింది. చెరువులు మళ్ళీ నిండాయి. ఆశలూ మళ్ళీ నిండాయి. దీనికీ తెల్లమచ్చ వస్తుంది.

ఇంకో సంగతి. మన రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా. బయటి సరుకు తమ దేశంలోకి వస్తే వాళ్ళు పన్ను వేస్తారు. దాన్ని సుంకం అంటారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచారు. తెగులు లేని చెరువు గట్టు మీద కూడా ధర పడిపోయింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఇక్కడి ఇంట్లో పొయ్యి దాకా వచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం

పలక గానీ, కాగితం గానీ తీసుకోండి. ఇవి నేర్చుకోవడానికి రాసిన అంకెలు. తర్వాత మీ ఊరి ధరలు వేసుకోండి.

ఎకరం చెరువుకి ఒక పంట ఖర్చు:
పిల్ల (సీడు) – 40,000
మేత – 2,15,000
కరెంటు, డీజిల్ – 70,000
కౌలు – 50,000
మందులు, కూలి, మిగతావి – 85,000
మొత్తం – 4,60,000 రూపాయలు

పంట 1,600 కిలోలు. కిలో 350 రూపాయలు. వచ్చేది 5,60,000. లాభం 1,00,000.

ఇది మొదటి లెక్క. కుర్రాడు చెప్పేది ఇదే.

రెండో లెక్క చూడండి. ధర కిలోకి 60 రూపాయలు తగ్గిందనుకోండి. 1,600 కిలోలకి 96,000 పోయింది. మిగిలింది 4,000. తెచ్చిన అప్పుకి వడ్డీ కూడా రాదు.

నలభై రోజులకే తెగులు వచ్చిందనుకోండి. అప్పటికి పిల్ల, కౌలు, కొంత మేత, కొంత కరెంటు, మందులు కలిపి 2,10,000 ఖర్చయింది. చేతికి ఏమీ రాలేదు. అంటే రెండు మంచి పంటల లాభం ఒక్క చెడ్డ పంటలో పోయింది.

మనకి ఎవరు కనపడతారు?

లాభం వచ్చినవాడు కొత్త బండి కొని వీధిలో తిరుగుతాడు. నష్టపోయినవాడు తలుపేసుకుని ఇంట్లో ఉంటాడు. లేదా ఊరు విడిచి పనికి పోతాడు. కుర్రాళ్ళకి కనపడేది బండి ఒక్కటే. అందుకే ఊళ్ళో నష్టపోయిన వాళ్ళ దగ్గరికి కూడా వాణ్ణి తీసుకువెళ్ళండి. వాళ్ళు చెప్పేది విననివ్వండి.

డబ్బు ఇచ్చే ముందు అడగండి

1. ఒక ఏడాది వేరేవాళ్ళ చెరువు మీద పని చేసి నేర్చుకున్నావా?
2. పిల్లకి తెగులు లేదని పరీక్ష చేయించిన కాగితం ఉందా?
3. చెరువుకి అనుమతి ఉందా? మత్స్యశాఖ ఆఫీసులో అడిగావా?
4. మేత అరువిచ్చిన వాళ్ళకే రొయ్యలు అమ్మాలా? అప్పుడు ధర ఎవరు చెబుతారు?
5. పంట పోతే ఈ అప్పు దేనితో తీరుస్తావు?

అయిదో ప్రశ్నకి జవాబు లేకపోతే గాజులు తీయకండి. "నేర్చుకుని రా నాయనా, అప్పుడు చూద్దాం" అనండి. ఎకరం బదులు ఇద్దరు ముగ్గురు కలిసి వాటాకి చేయమనండి. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టవద్దు.

అక్కలారా, ఒకప్పుడు మనం వేలిముద్ర వేశాం. ఇప్పుడు సంతకం చేస్తున్నాం. కాగితం చదవకుండా సంతకం చేస్తే అదీ వేలిముద్రతో సమానమే. ముందు చదవండి. రెండు లెక్కలూ వేయండి. ఆ తర్వాతే కలం పట్టండి.