గాలికి వెరచిన పసిమనసు

2018 అక్టోబరు 11వ తేది. తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. ఉద్యానవనము వంటిదగుటచే ఉద్దానమని పేరొందిన సీమ ఒక్కపూటలో బోసిపోయినది. కూలిన చెట్లను అధికారులు లెక్కించినారు. కాని ఆ చీకటిలో తల్లి కొంగు పట్టుకొని చెవులు మూసికొన్న పసివాని మనసులో ఏమి కూలినదో లెక్కించువారెవరు? ఆనాటి అయిదేండ్ల బిడ్డ నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి.

భయమంతయు దోషము కాదు. ఉద్దానపు తోటలలో ఎలుగుబంట్లు తిరుగును. వానివలన ప్రాణములు పోయినవి కూడ. చీకటివేళ తోటలోనికి ఒంటరిగా పోరాదను భయము బిడ్డను కాపాడును. తుపాను హెచ్చరిక వినినంతనే పక్కా కట్టడమునకు చేర్చు భయమును అట్టిదే. కాని పిల్లగాలికి కిటికీ రెక్క కదలినంతమాత్రమున గుండె దడదడలాడి, పాఠము మరచి, బల్లక్రింద దూరవలసి వచ్చినచో ఆ భయము కావలి కాదు, సంకెల.

అట్టి బాలుని చూచి మనమేమి చేయుదుము? "ఇంత పిరికివాడవేమిరా!" అందుము, తరగతి నవ్వును. లేక "ఏమియు లేదు, వట్టి గాలి" అందుము. ఇంటికప్పు ఎగిరిపోవుట కన్నులార చూచినవాడు ఆ మాట నెట్లు నమ్మును?

1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ పీటర్ అను బాలుని వృత్తాంతమును ప్రకటించినారు. మూడేండ్లు నిండని ఆ బాలునికి కుందేలన్న హడలు. మొదట కుందేటికి వెరవని పిల్లలతో అతనిని ఆడనిచ్చినారు. భయము తగ్గుచుండగా ఒకనాడు పెద్దకుక్క పైకి దూకుటచే మరల మొదటికి వచ్చినది. ఆమె విసుగుచెందలేదు. బాలుడు ఇష్టమైన తిండి తినుచుండగా కుందేటి పంజరమును దూరముగా నుంచి, దినదినము కొంచెము కొంచెము దగ్గరకు జరిపించినారు. తుదకు పీటర్ కుందేటిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, తన వ్రేళ్లను మెల్లగా కొరకనిచ్చినాడు. నచ్చచెప్పుటకన్న, ఎగతాళి చేయుటకన్న, ఇట్లు ఇష్టమైనదానితో జోడించుట, తోటి పిల్లల ఉదాహరణము అనునవే ఫలించినవని ఆమె ఇతర బాలలను పరిశీలించియు తెలిపినారు.

ఈ ఉపాయమునకు మన ఊళ్లలో ధనవ్యయము లేదు. కొబ్బరాకుతో గిరగిర తిరుగు బొమ్మను చేసి బాలుని చేతికీయుడు, గాలి ఆటవస్తువగును. ఇంకొకనాడు గాలిపటము. మరియొకనాడు వేడెక్కిన సముద్రముపై వాయుగుండ మెట్లు పుట్టునో, హెచ్చరిక ముందుగా ఎట్లు వచ్చునో పాఠము. అటుపిమ్మట గాలి వీచు సాయంకాలమున స్నేహితులతో కలసి ఒడ్డున నడక. తరువాతి అడుగు ఎప్పుడు వేయవలెనో బాలుడే చెప్పవలెను. ఒకనాడు వెనుకకు తగ్గినచో ఓటమి కాదు. నిద్రాహారములు చెడి, దినములు గడిచినను కుదుటపడనిచో వైద్యుని సలహా తప్పదు.

విద్యార్థులారా! ఇందు గురువుకన్న మీ పాత్ర పెద్దది. బెదరిన మిత్రుని చూచి నవ్వకుడు, ప్రక్కన నిలువుడు. తుపాను తరువాత జీడిమొక్క నాటిన రైతు మరునాడే పిక్కలు కోరలేదు; ఏండ్ల తరబడి కాచుకొన్నాడు. బిడ్డ ధైర్యమునకును అంతటి ఓర్పు చూపలేమా?