రుద్రదేవుడు హీరోనా? విలనా?

2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' చూసి బయటికొచ్చిన రోజు హాలు ముందర కుర్రాళ్లంతా గోన గన్నారెడ్డి మాటలే! అల్లు అర్జున్ అంత ఊపేశాడు మరి. రుద్రమ తండ్రి గణపతిదేవుడికి పెదనాన్న అయిన రుద్రదేవుడి ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. కాకతీయుల్ని స్వతంత్రుల్ని చేసింది ఆయనే కదా!

చాళుక్యుల కింద సామంతుల కుటుంబం వాళ్లది. పైవాళ్ల బలం తగ్గేసరికి ఇతను తలెత్తాడు. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో శివుణ్ణీ, విష్ణువునీ, సూర్యుణ్ణీ ప్రతిష్ఠించి, అచింతేంద్రుడనే కవిచేత శాసనం రాయించాడు. దానధర్మాల చిట్టా అనుకునేరు! ఫైటు మీద ఫైటు. చోడోదయుడనే రాజు రుద్రుడి భయంతోనే చచ్చిపోయాడట!

ఆ కాలంలోనే జపానులో మినమోతో యోరితోమో అని ఒకడున్నాడు. కుర్రతనంలోనే ప్రవాసం. 1185లో శత్రువంశాన్ని సముద్రయుద్ధంలో ముంచేసి, 1192లో షోగన్ అయ్యాడు. క్యోటోలో చక్రవర్తి బొమ్మ, పెత్తనమంతా కామాకురాలో ఇతనిది. ఆ యుద్ధాలు గెలిపించిన తమ్ముడు యోషిత్సునేనే వెంటాడించాడు మహానుభావుడు! తమ్ముడు మారువేషంలో కాపలా దాటే కథను కురొసావా 1945లో తీస్తే, 1952లో గానీ విడుదల కాలేదు. గంట సినిమా. దొరికితే వదలకండి.

మన కథలో తమ్ముడి గొడవ లేదు గానీ వేరే మెలిక ఉంది. రుద్రదేవుడు ఓడించిన నగునూరు దొమ్మరాజు, పొలవాస మేడరాజు మా కరీంనగర్ వైపువాళ్లే! జ్యోతినగర్‌లో టీ తాగుతూ ఈ సంగతి చెబితే, బొగ్గుబాయిలో పనిచేసే మిత్రుడు కప్పు కింద పెట్టి, "మేడరాజంటే మా సమ్మక్కను పెంచినాయన గదనే! ఆయన్ను కొట్టినోడు హీరో ఎట్లయితడు?" అన్నాడు.

మేడారం కథలోని కాకతీయుడు ప్రతాపరుద్రుడు. శాసనానికీ ఆయనకూ నూరేళ్లకు పైనే దూరం. ఇద్దరు మేడరాజులూ ఒకరే కానక్కర్లేదు. కానీ మిత్రుడి ప్రశ్నకు తారీఖులు జవాబు కావు. ఆ శాసనం గెలిచినవాడి కవి రాసింది. సినిమా తీసేవాళ్లు పొలవాస వైపు నుంచి కూడా కెమెరా పెట్టాలంటాను.

క్లైమాక్సు సిద్ధంగానే ఉంది. 1195 ప్రాంతంలో దేవగిరి యాదవులతో యుద్ధంలో రుద్రదేవుడు పోయాడు. తర్వాత తమ్ముడు మహాదేవుడూ ఆ పగలోనే పోయాడు. కుర్రవాడు గణపతి శత్రువుల చెరలో! విడుదలై 1199లో గద్దెనెక్కాడు. యోరితోమో కన్నుమూసింది కూడా ఆ ఏడే.

సరే, రుద్రదేవుడిగా ఎవరు? మేడరాజుగా ఎవరు? రాసి పంపండి.