సభకు వేళ యేది?

తెనాలిలోనో రేపల్లెలోనో ఒక పెండ్లి నిశ్చయమైన దనుకొందము. ఇరువైపుల పెద్దలును పంచాంగము ముందు పెట్టుకొని, వర్జ్యము, దుర్ముహూర్తము, రాహుకాలము తొలగించి, వచ్చు చుట్టములకు రైలెప్పుడు, బస్సెప్పుడు అని విచారించి గాని ముహూర్తము పెట్టరు. ఆ పెద్దలలో ఒకరే మరునాడు ఆఫీసునకు పోయి, ఇరువదిమంది ఉద్యోగులను సాయంకాలము ఆరు గంటలకు సమావేశమునకు రమ్మని ఉత్తరువు వ్రాయుదురు. ఆ యిరువదిమందికి ఇండ్లున్నవా, ఇండ్లకు పోవుటకు బండ్లున్నవా అని అడుగరు. వారు నిర్దయులు కారు; పెండ్లినాడు వచ్చువాడు చుట్టము, సభనాడు వచ్చువాడు ఉద్యోగి, అంతియే భేదము. అయినను ఈ భేదము వలన ఎందరి దినములు ఎట్లు చెడుచున్నవో శ్రోతలతో కొంత ముచ్చటింపవలెనని మా కోరిక.

మొదట దూరముల సంగతి. తెనాలి విజయవాడ, చెన్నపట్నముల నడుమనున్న పెద్ద రైలుదారిపై జంక్షను. అచ్చటినుండి ఒక శాఖ గుంటూరునకును, మరియొక శాఖ వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకును పోవును. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు బాపట్ల ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. రేపల్లె ఆ జిల్లాలో చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. పటము చూచినచో రేపల్లెకు బాపట్ల దగ్గరగానే కనబడును. కాని రైలులో పోదలచినవాడు ముందు వాయవ్యముగా తెనాలికి పోయి, అచ్చట బండి మారి, మరల నిడుబ్రోలు మీదుగా దక్షిణమునకు దిగవలెను. ముక్కేదన్న తల చుట్టు చేయి త్రిప్పి చూపినట్లుండును. రోడ్డున 216వ నంబరు జాతీయ రహదారి యున్నది నిజమే. కాని ఆ రహదారి చేరుటకు ముందు కృష్ణయొడ్డు పల్లెలనుండి ఆటోయో, మోటారుసైకిలో కావలెను గదా. కనుక పది గంటల సమావేశము బాపట్లలో కాపురమున్నవారికి మాత్రమే పది గంటల సమావేశము. నదియొడ్డు గ్రామమునుండి వచ్చు ఆరోగ్య కార్యకర్తకు అది తెల్లవారుజామున పొయ్యి వెలిగించుటతో ఆరంభమైన సమావేశము. సాయంకాలము ఏడు గంటలకు ముగిసినదన్న, ఆమెకు అది రాత్రి తొమ్మిదింటికి గాని ముగియదు.

కొన్ని యేండ్ల క్రిందట మేమును ఇట్టి సభ యొకదానికి పోయితిమి. పిలుపు పది గంటలకు. పెద్దవారు పైవారితో మాటలాడుచున్నారని చెప్పిరి. పన్నెండు దాటిన పిదప సభ మొదలయ్యెను. చెప్పిన సంగతి ఒక కాగితమునకు ఒకవైపున పట్టునంతటిది. మా ప్రక్కన కూర్చున్న పల్లె ఉద్యోగిని మాటిమాటికిని గడియారము చూచుచుండెను. చంటిపిల్లను అత్తగారికి అప్పగించి వచ్చితినని మెల్లగా చెప్పెను. మూడు గంటలకు, "ఎవరికైన సందేహములున్నవా?" అని అడిగిరి. ఎవ్వరికిని లేకపోయెను. బస్సు వేళ దాటుచుండగా సందేహ మెవరికి కలుగును?

ఇట్లేల జరుగును? ఒక కారణము పనుల స్వభావములోనే యున్నది. పై అధికారికి పలువురితో మాటలాడుటయే పని. ఆయన దినము గంటగంటగా తరిగిన ముక్కలవంటిది. ఒక ముక్క ఇటు జరిపినను అటు జరిపినను ఆయనకు పెద్ద తేడా లేదు. క్రింది ఉద్యోగి పని అట్టిది కాదు. టీకా వేయుట, పొలము కొలుచుట, పింఛను పంచుట, బడిలో పాఠము చెప్పుట, ఇవి ఒక చోట ఒక పూటకు ముడిపడియున్నవి. నడుమ సభ వచ్చినచో ఆ పని జరుగదు, లేదా రాత్రికి పడును. ఇరువదిమంది గంటన్నర సేపు ఊరక కూర్చుండిరనుకొందము. అది ముప్పది గంటలు. రోజునకు ఎనిమిది గంటల లెక్కన ఒక మనిషి నాలుగు దినముల పనికి కొంచెమే తక్కువ. ఆ ముప్పది గంటలు ఏ పద్దులోను వ్రాయబడవు గనుక ఎవరికిని నష్టము కనబడదు.

రెండవ కారణము కాలువను చూచిన తెలియును. 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట నాటినుండి, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాత కూడ, మన డెల్టాలో ఒక సంగతి మారలేదు. ఎగువ తూములవారు పట్టుకొనగా మిగిలిన నీరే చివరి భూములకు చేరును. రేపల్లె, నిజాంపట్నం వైపు రైతులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. కాలము కూడ అట్లే పారును. రాజధానిలో దృశ్య సమావేశము గంట ఆలస్యమైనచో జిల్లా సమావేశము రెండు గంటలు, మండల సమావేశము మూడు గంటలు ఆలస్యమగును. ప్రతివారును తమ పైవారికొరకు వేచియుండి, తమ క్రిందివారిని వేచియుంచెదరు. చివరి తూము దగ్గర నిలిచినవాడు గ్రామ సచివాలయపు ఉద్యోగి. అతని వెనుక అర్జీ చేతపట్టుకొన్న రైతు. అతని వెనుక మరి ఎవ్వరును లేరు గనుక, ఆలస్యమంతయు అతని మీదనే నిలిచిపోవును.

ఉద్యోగుల మాట యటుంచి గ్రామసభల మాట చూతము. రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చి గ్రామసభకు రాజ్యాంగ స్థానము నిచ్చినది. 1994 నాటి మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టము సంవత్సరమునకు కనీసము రెండుమారులు సభ జరుగవలెనన్నది. 2024 ఆగష్టు 23న రాష్ట్రములోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకేనాడు గ్రామసభలు జరిపిరి. ఉపాధిహామీ పనుల నిర్ణయము అందు ముఖ్యాంశము. ఒకేనాడు జరుపుటలో ఉత్సాహము కలదు, ప్రచారము కలదు. కాని అనంతపురపు వేరుసెనగ చేనికిని కృష్ణ డెల్టా వరిమడికిని తేది యొక్కటియైనను పని యొక్కటి కాదు. ఆగష్టులో డెల్టా చివరి భూములలో నాట్లు సాగుచుండును. ఏ కూలి స్త్రీల ఉపాధి గూర్చి ఆలోచింపవలెనో ఆ స్త్రీలే పగటివేళ మోకాటిలోతు బురదలో నుందురు. వారు లేని సభలో వారి పని నిర్ణయమగుట మాకు చిత్రముగా తోచును.

సముద్రపుటొడ్డున చిక్కు మరియొక విధము. నిజాంపట్నం, సూర్యలంకల బెస్తవాని దినమును గడియారముకన్న చంద్రుడే ఎక్కువ నడపును. మన తీరమున దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు వేళ రోజురోజునకు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యమగుచుండును. ఈ సోమవారము ఉదయము పది గంటలకు పోటున్నచో, పై సోమవారము అదే పది గంటలకు ఇంచుమించుగా సముద్రము తీసియుండును. జిల్లా కేంద్రములలో అర్జీలు పుచ్చుకొనుట సోమవారములనాడు. అర్జీ పెట్టవలసిన బెస్తవాడు ఒక వారము వేట మానుకొనవలెను, లేదా అర్జీ మానుకొనవలెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు యంత్రపుపడవల వేట నిషేధకాలము. మత్స్యకారులతో ముఖ్యమైన సమావేశములన్నియు ఆ 61 దినములలో పెట్టుకొన్న నేమి?

ఇక్కడ ఒక మాట చెప్పకున్న అన్యాయమగును. వేళగాని వేళ పిలిచిన ప్రతిసారియు జనులు విసుగుకొందురని కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన రేపల్లె, బాపట్ల తీరములలో పెద్దవారికి నేటికిని మరపునకు రాలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. అట్టి దినములలో అర్ధరాత్రి పిలుపు వచ్చినచో ఏల అని అడుగువాడుండడు. పని తొందర కంటికి కనబడును గదా. విసుగు కలుగునది రాత్రికి గాని, దూరమునకు గాని కాదు. రేపు ఉదయము ఒక చీటి పంపిన తీరుపోవు పనికి రాత్రి కూర్చుండబెట్టినప్పుడు.

తెనాలి వీధులలో మరియొక తరగతివారును కలరు. ఇంటనే కూర్చుండి కంప్యూటరు ముందు అమెరికా సంస్థలకు పనిచేయు యువకులు. కాలిఫోర్నియాలో ఉదయము తొమ్మిదైనప్పుడు మనకు వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారమున అమెరికావారు గడియారములు వెనుకకు త్రిప్పగా అదే పదిన్నర యగును. ఎవరో పదునాలుగు వేల కిలోమీటర్ల అవతల ముల్లు త్రిప్పిన, తెనాలిలో తల్లి అన్నము వడ్డించు వేళ మారును. పనివేళ దాటిన పిదప పిలుపులకు దూరముగా నుండు హక్కును ఫ్రాన్సు 2017లో చట్టమున చేర్చినది, ఆస్ట్రేలియా 2024లో. మన పిల్లలకు అట్టిది లేదు. వంతులు మార్చుకొని, ఒక నెల వారు తెల్లవారకమునుపు లేచుట, ఒక నెల వీరు రాత్రి మేలుకొనుట అను పద్ధతి కొన్ని చోట్ల కలదు. అది న్యాయమని మా అభిప్రాయము.

వేళ కుదిర్చి సభ నడుపుట సాధ్యమే. 1956లో పూనా ప్రాంతమున సుమారు 150 గ్రామములలో రేడియో రైతు గోష్ఠులు నడిపిరి. వారమునకు రెండుమారులు, పొలమునుండి ఇంటికి చేరిన పిదప, అరగంట ప్రసంగము విని, తరువాత తమలో తాము చర్చించుకొనిరి. నిరక్షరాస్యులును అందు నోరు విప్పిరి. ఆ తరువాతి దశాబ్దములలో ప్రపంచబ్యాంకు పక్షమున డేనియల్ బెనార్ ప్రచారము చేసిన వ్యవసాయ విస్తరణ పద్ధతికిని ప్రాణము ఇదియే. అధికారి రెండు వారములకొకమారు, ముందే తెలిసిన దినమున, తెలిసిన చేనికి తానే పోవలెను. ఆ పద్ధతిలో లోపములు కలవని తరువాత తెలిసినది. అది ఖరీదైనది కూడ. కాని నడువవలసినది ఎవరు అను ప్రశ్నకు అది మంచి సమాధానము చెప్పినది.

రేడియో కలిగిన ఇండ్లవారికి ఇంకొక సంగతి తెలిసినదే. కార్యక్రమ పట్టికలో ఆరంభ వేళయు, ముగియు వేళయు రెండును ఉండును. వార్తలు ఎవరికొరకును వేచియుండవు. సభకు పిలుచు కాగితముపై మాత్రము ఆరంభ వేళ యొక్కటే వ్రాయుదురు. దాని ప్రక్కన ముగియు వేళ కూడ వ్రాసి, రేపల్లెకు పోవు కడపటి బస్సు వేళను ముందుగా ఒకమారు కనుగొనవలసినదని మండల కార్యాలయములవారికి మా మనవి.