మకింటోష్ డిస్కులో దాగిన డ్రైవరు

1986 జనవరిలో ఆపిల్ సంస్థ వెలువరించిన మకింటోష్ ప్లస్, ఆ వంశమున స్కజీ అను సంధాన పద్ధతిని తొలుతగా ధరించిన యంత్రము. అంతకు ముందటి యేట వచ్చిన హార్డ్ డిస్క్ 20 ఫ్లాపీ ద్వారమునకే తగిలి మందగమనముతో పనిచేయుచుండగా, ఈ నూతన ద్వారము ఏడు పరికరములను ఒకే వరుసలో కూర్చుటకు వీలు కల్పించెను. అయితే ముందు ముందు ఎవరెవరో నిర్మింపబోవు డిస్కుల స్వభావమును ఊహించి, వానిని నడుపు డ్రైవరులనన్నిటిని యంత్రపు స్థిరస్మృతియగు రోమ్‌లో పొందుపరచుట అసాధ్యము గనుక, నిర్మాతలు డ్రైవరును డిస్కుమీదనే నిక్షేపించిరి. దీనిని నేను మిక్కిలి దూరదృష్టిగల యేర్పాటుగా నెంచుచున్నాను.

మీట నొక్కగానే రోమ్ డిస్కులోని మొట్టమొదటి 512 బైట్ల ఖండమును చదివి, ఆరంభమున ‘ఈ, ఆర్’ అను రెండక్షరముల ముద్ర యున్నదా యని పరీక్షించును. ఉన్నయెడల, డ్రైవరు ఏ ఖండమున మొదలై ఎంతవరకు వ్యాపించినదో తెలుపు పట్టికను అచ్చటనే గ్రహించి, దానిని స్మృతిలోనికి తెచ్చి, పిమ్మట డిస్కుతో జరుపవలసిన సంభాషణమంతయు దానికే అప్పగించును. పరదేశపు వర్తకుడు తన దుబాసిని తానే వెంటబెట్టుకొని రేవులో దిగినట్లు, ప్రతి డిస్కును తన డ్రైవరుతోనే యంత్రము చెంతకు వచ్చెడిది.

ఆనాటి డిస్కులు నేడు ఒక్కొక్కటిగా మూగవోవుచున్నవి. కొన్నింటిలో రబ్బరు భాగములు జిగురై చదువు శిరస్సును కదలనీయవు. వాని స్థానమున, ఎస్‌డీ కార్డులోని ఫైలునే డిస్కుగా భ్రమింపజేయు స్కజీ2ఎస్‌డీ, బ్లూస్కజీ వంటి పలకలు వచ్చినవి. ఇక్కడనే చిక్కు మొదలగును. మినీ వీమ్యాక్ వంటి అనుకరణ కార్యక్రమములో చక్కగా నడచిన ఇమేజి ఫైలును తెచ్చి నిజమైన యంత్రమునకు తగిలించగా, తెరపై ప్రశ్నార్థకము గల ఫ్లాపీ బొమ్మ మాత్రమే మినుకుమినుకుమనును. దోషము పలకది కాదు, కార్డుది కాదు. అనుకరణ కార్యక్రమము తన డ్రైవరును తానే సమకూర్చుకొనును గావున, ఆ ఫైలులో కేవలము దత్తాంశ విభాగమే యుండి, తొలి అక్షరములు ‘ఎల్, కె’ అయి యుండును. హెక్స్ ఎడిటరుతో తెరచిచూచినచో ఈ భేదము క్షణములో తేలిపోవును. అప్పుడు క్రొత్త ఇమేజిని నిజమైన డిస్కువలెనే ఫార్మాట్ చేసి, పాత దానిలోని ఫైళ్లను అందులోనికి మార్చుటయే సరియైన మార్గము.

ఆ పనికి ఆపిల్ వారి హెచ్‌డీ ఎస్‌సీ సెటప్ కలదు గాని, అది తమ సంస్థ సమ్మతించిన డిస్కులనే ఆదరించును. అందుచేత ఆ తనిఖీని తొలగించిన ప్రతినో, లీడో అను అన్య సాధనమునో ఆశ్రయింతురు. ముద్రయు డ్రైవరును ఉండియు యంత్రము నిలిచిపోయినచో, ప్లస్ యొక్క ప్రత్యేక బలహీనతలను స్మరింపవలెను: రీసెట్ తరువాత డిస్కు పంపు ‘యూనిట్ అటెన్షన్’ సంకేతమును దాని తొలి రోమ్‌లు సహింపలేవు, వేగముగా బైట్లు లాగుకొనునప్పుడు కార్డు తడబడి ఆగినచో గుర్తించు హార్డ్‌వేరు దానిలో లేనందున అక్షరములు జారిపోవును, వరుస కొసలను ముగించు టెర్మినేషనుకు కావలసిన విద్యుత్తును సైతము ఆ ద్వారము అందింపదు గనుక, పలకకు వేరుగా విద్యుత్తు నీయవలెను.

పాత డిస్కులను భద్రపరచు మిత్రులారా, ఫైళ్లను మాత్రమే నకలు తీసి తృప్తిపడకుడు. మొదటి ఖండము నుండి చివరి ఖండము వరకు డిస్కును సమగ్రముగా దాచుడు.